కోడికొట్టుడు బ్రేకు

"అర్జెంటు" అని రాసినవాడికి నేను జవాబివ్వను. వాడి తొందర నా తొందర కాదు. మోటారుకు బిగించిన వివరాల ప్లేటు మీద ఏముందో రాయనివాడికీ ఇవ్వను. కళ్ళెదుట ఉన్న ప్లేటు చదవడానికి ఓపిక లేనివాడు నా జవాబు మాత్రం ఏం చదువుతాడు?

ఇంటర్నెట్లో క్రేన్ల కరెంటు పనివాళ్ళకు ఒక ఫోరం ఉంది. ఎవరికి ఏ ఇబ్బంది వచ్చినా అక్కడ రాస్తారు. తెలిసినవాళ్ళు జవాబు చెబుతారు. ఎవరికీ జీతం లేదు. హౌరాకు ఎదురొడ్డున కిదిర్‌పూర్ ఓడల డాకులో, క్రేన్ సెక్షన్లో తల నెరిసేదాకా పనిచేసి నేను రిటైరయ్యాను. ఆ తర్వాత నా భార్య డోర్కాస్ పోయింది. అప్పుడు మా అమ్మాయి లిల్లీ నన్ను ఆ ఫోరంలో చేర్చింది. లిల్లీకి సాల్ట్ లేక్ సెక్టర్ ఫైవ్‌లో కంప్యూటర్ ఉద్యోగం. ఆఫీసులో పాతబడిన కంప్యూటర్ ఒకటి పట్టుకొచ్చి, వాట్‌గంజ్‌లో మా ముందుగదిలో వాళ్ళమ్మ కుట్టుమిషను ఉండే చోట పెట్టింది.

"నాన్నా, నువ్వు గోడతో మాట్లాడతన్నావు. అదేదో మనుషుల్తో మాట్లాడు," అంది.

"గోడ ఎదురు సెప్పదు."

"ఇక్కడ అందరూ ఎదురు సెప్తారు. నీకు బాగుంటాది, సూడు."

బాగానే ఉంది. నా ఇంగ్లీషు బడిలో నేర్చింది కాదు. మాది భీమిలి పక్క పల్లె. మిషనరీ బడిలో ఎనిమిదో తరగతి దాకా అంతా తెలుగే. ఇంగ్లీషు క్రేన్లతో వచ్చిన పుస్తకాల్లో నేర్చుకున్నాను. అందుకే నా వాక్యాలన్నీ ఆజ్ఞల్లా ఉంటాయి. మూత తియ్యి. ఫ్యూజు చూడు. కరెంటు ఆపాక చెయ్యి పెట్టు. కొందరికి నేను పొగరుబోతుని. చాలామందికి రత్నం సార్‌ని. నా పేరు యేసురత్నం.

డోర్కాస్ తమ్ముడు జీవానందం రోజూ సాయంత్రం టీ వేళకు వచ్చేవాడు. మేమిద్దరం ఒకే గ్యాంగులో పనిచేశాం. వాడికి టైపు కొట్టడం రాదు. పక్కన కుర్చీ వేసుకుని, నేను వదిలేసిన ప్రశ్నలన్నీ వేలు పెట్టి చూపించేవాడు.

"బావా, ఈ చిట్టగాంగ్ వోడు రెండ్రోజుల్నుంచి అడుగుతన్నాడు. రాయి."

"వోల్టేజి సెప్పలేదు."

"అడిగితే సెప్తాడు కదేటి."

"నాను అడగను. ఇది సత్రం కాదు."

"అక్కయితే పెట్టీసును."

"మీ అక్కా అడిగినోడికల్లా పెట్టలేదు. నీకు తెలీదు."

నిజానికి వాడికి తెలుసు. మా తెలుగు క్రైస్తవ సంఘంలో ప్రతి ఇంట్లోనూ వంటకు బియ్యం కొలిచాక, ఎసట్లో పోసేముందు, ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేసేవారు. దేవుడి పిడికిలి అనేవారు. ఆదివారం ఆ బియ్యమంతా గుడికి తెచ్చి గోనెలో పోసేవారు. అది కష్టంలో ఉన్న ఇళ్ళకు పంచే పని డోర్కాస్‌ది. పెద్దలు కమిటీ పెట్టి విచారించేవారు. వాడు తాగుతాడా? గుడికి వస్తాడా? మనవాడేనా? డోర్కాస్ అవేవీ అడిగేది కాదు. బియ్యం అడగడానికి వచ్చినవాడి చేతికి ఎన్నడూ ఇవ్వలేదు. "ఇంట్లో తినీవోలు ఎవలున్నారు?" అని అడిగేది. సంచి తనే మోసుకుని వాళ్ళింటికి వెళ్ళి పొయ్యి దగ్గర పెట్టి వచ్చేది. ఇంట్లో తినేవాళ్ళు లేకుండా, అమ్ముకుని తాగడానికి అడిగేవాడు ఆ ప్రశ్నతోనే గుమ్మం దిగి పోయేవాడు.

ఒక శ్రావణమాసం, మూడు రోజులు ముసురు పట్టిన తర్వాత, ఫోరంలో ఒక ప్రశ్న వచ్చింది. రాసినవాడి పేరు చోట ఏవో అంకెలు. ఊరు హౌరా. దాన్ని తెలుగులో చెప్పాలంటే ఇలా ఉంది:

"అర్జెంటు. పాత జెట్టీ క్రేను. సరుకు దించేటప్పుడు బ్రేకు కోడి కొట్టుకున్నట్టు కొట్టుకుంటున్నది. మోటారు ట్రిప్ అయి ఆగిపోతున్నది. బ్రేకు వదులు చేసే పద్ధతి చెప్పండి. అర్జెంటు."

ప్లేటు వివరాలు లేవు. తాను ఏం చేసి చూశాడో లేదు. అడిగింది కూడా తప్పు. బ్రేకు కొట్టుకుంటే ఎందుకు కొట్టుకుంటోందని అడగాలి. వదులు చెయ్యడమెలా అని అడగకూడదు. పక్కన పడేసి తర్వాతి ప్రశ్నకు వెళ్ళబోయాను. జీవానందం నా మణికట్టు పట్టుకున్నాడు.

"అదేటి బావా, కోడి అన్నాడా? మళ్ళీ సదువు."

చదివాను. కోడి అనే ఉంది.

క్రేను బ్రేకును ఇంగ్లీషు పుస్తకాల్లో కోడితో పోల్చరు. బెంగాలీ మిస్త్రీలూ పోల్చరు. ఆ మాట మాది. డాకులో మా గ్యాంగు నాలుగో నంబరు క్రేను చూసేది. వానలు ముదిరితే దాని బ్రేకు లివరు పిన్ను తుప్పుపట్టి అరిగి బిగుసుకునేది. స్ప్రింగు పట్టి ఉంచే బ్రేకును తెరవాల్సిన అయస్కాంతం పూర్తిగా లాగలేక, బ్రేకు చెక్కలు డ్రమ్ము మీద టపటపా కొట్టుకునేవి. మెడ కోసి వదిలిన కోడి రెక్కలు కొట్టుకున్నట్టే ఉండేది. ఒక వానాకాలం ఆదివారం మా పెరట్లో అలాంటి కోడి వెంట పరుగెత్తిన మా గ్యాంగు సూరన్న, మర్నాడు క్రేనెక్కి ఆ చప్పుడు విని, "ఓలమ్మ, ఇది నిన్నటి పలావు కోడే" అన్నాడు. అప్పట్నుంచి ఆ రోగానికి కోడికొట్టుడు అని పేరు. ఆ పేరు మా నలుగురికే తెలుసు. సూరన్న చనిపోయాడు. జీవానందానికి టైపు రాదు. నేను రాయలేదు. మిగిలింది నాలుగోవాడు.

"కోదండం," అన్నాడు జీవానందం.

"కావచ్చు."

"డాకోలు ఏలంలో అమ్మీసిన క్రేన్లు హౌరాలో షాలిమార్ యార్డోడు కొన్నాడని ఇన్నాను. రిటైరయ్యాక కోదండం ఆడి దగ్గిరే కాంట్రాక్టులో సేరాడంట. ఇది మన నాలుగో నంబరే బావా. రాయి."

"ప్లేటు వివరాలు ఇవ్వలేదు."

"ఆ ప్లేటు నీకు కంఠతా ఒచ్చు గదయ్యా!"

వచ్చు. ఇప్పటికీ వచ్చు. అయినా రాయలేదు.

కోదండం టెక్కలి నుంచి వచ్చిన రోజు నాకు గుర్తుంది. అప్పట్లో వేసవి వస్తే కరెంటు కోతతో నగరమంతా రోజుకు సగం చీకటి. మాకు ఆ చీకటి అలవాటే. పైన జనుము బేళ్ళు వేలాడుతుండగా కరెంటు పోయేది. అదే క్షణంలో బ్రేకు ఠక్కున పట్టేది. బేళ్ళు గాలిలో అలాగే నిలిచిపోయేవి. ఖలాసీలు దూరంగా జరిగి నేల మీద కూర్చునేవారు. ఒకడు బీడీ వెలిగిస్తే ఆ నిప్పు చుట్టూ మొహాలు కనిపించేవి. గంగ మీంచి గాలి వచ్చేది. సూరన్న ఊళ్ళో చుట్టాల కబుర్లు ఎత్తుకునేవాడు. కరెంటు వచ్చేదాకా ఎవరూ మమ్మల్ని ఏమీ అనలేరు. నా జీవితంలో అంత నిశ్చింత మళ్ళీ లేదు. మొదటిసారి కరెంటు పోయినప్పుడు కోదండం బేళ్ళు పడిపోతాయని పరుగెత్తాడు. "పారిపోకురా, అది పట్టుకున్నాది," అని చెప్పి బ్రేకు చూపించాను. ఆ బ్రేకు పని వాడికి నేర్పింది నేనే.

వాడు మా ఇంట్లో తిన్నాడు. డోర్కాస్‌ని వదినా అనేవాడు. తర్వాత తాగుడు పట్టింది. డ్యూటీలో దొరికి సస్పెండయ్యాడు. వాడి భార్య పున్నమ్మ ఇంట్లో పొయ్యి వెలగలేదని తెలిసి డోర్కాస్ గుడి బియ్యం మోసుకెళ్ళింది. తాగుబోతు, పైగా మన మతం కాదు అన్నారు కమిటీవాళ్ళు. "పున్నమ్మ తాగదు, పిల్లలూ తాగరు," అంది. వాడి ఉద్యోగం తిరిగి వచ్చేదాకా మోసింది. అప్పటికే ఆమెకు ఆయాసం.

ఆమె పోయినప్పుడు గ్యాంగులో మిగతావాళ్ళందరం ఉన్నాం. మాలో ఎవరింట్లో చావు వచ్చినా శవపెట్టె మొయ్యడం గ్యాంగు పని. మిగతా బంధువులు వెనక నడుస్తారు. గ్యాంగు నలుగురం నాలుగు మూలలా మోస్తాం. కోదండం రాలేదు. వాడి మూల ఖాళీగా ఉంటే ఎవరో ముక్కూ మొహం తెలియని టాక్సీ డ్రైవరు వచ్చి భుజం పెట్టాడు. అప్పటినుంచి వాడి పేరు నేను ఎత్తలేదు.

మర్నాడు ఆదివారం. గుడినుంచి వచ్చి, లిల్లీ టీ పెడుతుండగా ఫోరం తెరిచాను. ప్రశ్న కింద ఎవడో జవాబు రాసి ఉన్నాడు. మంచి పేరున్న సభ్యుడే. ఏ దేశమో తెలియదు. "స్ప్రింగు నట్లు కొంచెం వెనక్కి తిప్పండి. కొట్టుకోవడం ఆగుతుంది," అన్నాడు. దాని కింద అంకెల పేరువాడు రాశాడు: "తిప్పినాను. ఆగిపోయినది. థ్యాంక్స్. సోమవారం పొద్దున్నుంచి ఇనప ప్లేట్లు దించుతాము."

లిల్లీ ఇచ్చిన టీ పక్కన పెట్టేశాను.

కొట్టుకోవడం ఆగుతుంది. నిజమే. స్ప్రింగు వదులైతే బ్రేకు డ్రమ్మును పట్టుకోదు, కాబట్టి కొట్టుకోదు. మోటారు తిరిగినంతసేపూ అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. మధ్యలో కరెంటు పోతే ప్లేట్లను ఆపేది ఏదీ ఉండదు. కింద ఖలాసీలుంటారు.

వెంటనే రాశాను. "నట్లు బిగించు. ప్లేట్లు ఎత్తకు. లివరు పిన్ను విప్పి చూడు." ఆ సభ్యుడికి కూడా రాశాను: "నీ సలహా మనుషుల్ని చంపుతుంది." అతను కాసేపట్లోనే జవాబిచ్చాడు. "అతను అడిగినదానికి చెప్పాను. తెలిసి ఉంటే మీరే ముందు చెప్పవలసింది."

అంకెల పేరువాడి దగ్గర్నుంచి ఏమీ రాలేదు.

"ఏ సైబర్ కఫేలోనో కూసుని రాసుంటాడు," అంది లిల్లీ నా భుజం మీంచి చూస్తూ. "మళ్ళీ ఎప్పుడు తెరుస్తాడో ఏటో. మా కంప్యూటరోల ఫోరంలో అయితే ఇలాటి ప్రశ్నని మూసేస్తారు నాన్నా. వివరాల్లేవు, పద్ధతి లేదు."

అప్పుడే గుమ్మంలోకి వచ్చిన జీవానందం విన్నాడు. "ప్రశ్న మూసీస్తే క్రేను ఆగుతాదేటే?" అన్నాడు.

కోదండం ఫోను నంబరు మా దగ్గర లేదు. పాత ఇల్లు ఖాళీ చేసి ఎక్కడికో మారారు. "పొద్దున్న మొదటి లాంచీకి ఎల్దాం," అన్నాను.

"కోదండం కోసమా?" అన్నాడు జీవానందం, ఏదో గెలిచినట్టు.

"ప్లేట్ల కింద నిలబడీవోల కోసం. ఆడి పేరెత్తితే నాను రాను."

తెల్లవారాక తక్తా ఘాట్ రేవులో లాంచీ ఎక్కి, గంగ దాటి షాలిమార్ వైపు దిగాం. బురద తొక్కుకుంటూ యార్డుకు చేరేసరికి పని మొదలవుతోంది. క్రేను దూరం నుంచే తెలిసింది. పచ్చరంగు పూసి అందం చేశారు. ఆ రంగు కింద నాలుగు అంకె ఉబ్బెత్తుగా కనిపిస్తూనే ఉంది. దాన్ని మళ్ళీ చూస్తాననుకోలేదు.

హుక్కుకు ప్లేట్ల కట్ట తగిలించేశారు. నిచ్చెన కింద కోదండం నిలబడి ఉన్నాడు. జుట్టంతా తెల్లబడింది. మనిషి సగమయ్యాడు.

"ఆపండి!" అని అరిచాను.

ఖలాసీల సర్దారు వెనక్కి తిరిగాడు. "ఆప్ని కే, దాదా?" అని బెంగాలీలో ఎవరని అడిగాడు.

"ఈ క్రేనుకి పాత మొగుడు," అన్నాడు జీవానందం హిందీలో. ఖలాసీలు నవ్వారు. సూపర్‌వైజరు నవ్వలేదు. బయటివాళ్ళు ఎలా వచ్చారు, గేటు దగ్గర ఎవరున్నారు, లారీలు నిలబడి ఉన్నాయి అని మొదలెట్టాడు.

కోదండం నన్ను చూశాడు. నేను బ్రేకు వైపు చెయ్యి చూపించాను. అంతే. వాడు వెళ్ళి మెయిన్ స్విచ్చి లాగేశాడు.

"ఏయ్ బుడో, ముసలోడా, నీ ఉద్యోగం పోతుంది," అని సూపర్‌వైజరు బెంగాలీలో కేక పెట్టాడు.

"పోనీ దాదా," అన్నాడు కోదండం.

సూపర్‌వైజరుతో నేను వాదించలేదు. వాదనతో ఏ బ్రేకూ బాగుపడదు. "ప్లేట్లు విప్పించండి. ఆ తుక్కు మూట తగిలించండి. మనిషెత్తు లేపండి. కింద ఎవరూ ఉండకూడదు," అన్నాను. కోదండం మళ్ళీ స్విచ్చి వేస్తే లేపారు. "ఇప్పుడు కరెంటు తియ్యి," అన్నాను కోదండంతో. ఇన్నేళ్ళకు వాడితో నేనన్న మొదటి మాట అది.

తీశాడు. మూట గాలిలో ఆగలేదు. ముందు మెల్లగా జారి, తర్వాత ఒక్కసారిగా నేలకు కొట్టుకుంది. బురద ఎగిరి సూపర్‌వైజరు చొక్కా మీద పడింది.

సర్దారు ఆ మూట వంక చూశాడు. తర్వాత పక్కనున్న ప్లేట్ల కట్ట వంక చూశాడు. తన మనుషుల్ని తీసుకెళ్ళి షెడ్డు నీడలో కూర్చోబెట్టాడు. ఇక వాళ్ళను లేపడం ఎవరి వల్లా కాదని సూపర్‌వైజరుకు కూడా తెలిసింది. "ఎంతసేపు పడుతుంది, దాదా?" అన్నాడు నాతో.

హౌరాలో లేతు మిషన్లకు కరువు లేదు. అరిగిన పిన్ను విప్పి జీవానందానికి ఇచ్చాం. వాడు గేటు బయట సందులోకి పోయి కొత్తది తిప్పించుకుని వచ్చాడు. ఈలోగా నేనూ కోదండం అయస్కాంతం ముఖాల తుప్పు గీకి, చెక్కలు సర్ది, నట్లు బిగించాం. వాడు పని మరచిపోలేదు. నేను చెయ్యి చాస్తే కావలసిన పానా ముందే చేతిలో పడేది. పాత రోజుల్లో లాగే. అది నాకు నచ్చలేదు.

మధ్యాహ్నానికి మళ్ళీ అదే మూట లేపించాను. కరెంటు తీయించాను.

ఠక్.

మూట గాలిలో నిలిచింది. చిన్నగా ఊగి అలాగే ఉండిపోయింది. మేం ముగ్గురం తలెత్తి దాన్ని చూస్తూ నిలబడ్డాం. సూరన్న ఉంటే ఏదో అనేవాడు. ఖలాసీలు బీడీలు పారేసి లేచి వచ్చారు.

కోదండం మమ్మల్ని రేవు దాకా సాగనంపుతానన్నాడు. వద్దన్నా వచ్చాడు. దారిలో మట్టి గ్లాసుల్లో టీ తాగాం.

"ఆ కోడి మాట కావాలనే రాసినానన్నా," అన్నాడు. "నువ్వు సూస్తావని తెలుసు. నువ్వు అక్కడ రాస్తావని యార్డులో కుర్రోలు సెప్పినారు."

"తలుపు కొట్టొచ్చు కదా."

"నువ్వు తియ్యవు."

"తియ్యను."

జీవానందం నవ్వబోయి నా మొహం చూసి ఆగాడు.

"మరి ఆ నట్లు ఎందుకు తిప్పినావు? నీకు నాను ఏటి నేర్పినాను?" అన్నాను.

"తెలుసన్నా. తిప్పితే ఏటవుతాదో తెలుసు. మూడ్రోజుల్నుంచి క్రేను ఆగిపోనాది. సాయంత్రంలోగా నడవకపోతే మళ్ళీ పనికి రావద్దన్నాడు సూపర్‌వైజరు. నువ్వేటి రాయలేదు. ఆయనెవడో రాసినాడు. కనబడింది సేసీసినాను."

నేను రేవు వైపు తిరిగాను. లాంచీ అవతలి ఒడ్డున బయలుదేరడం కనిపిస్తోంది. కోదండం గ్లాసు నేలకేసి కొట్టి, కాలితో పెంకులు పక్కకు తోశాడు.

"ఆ రోజు ఒచ్చినానన్నా. వొదిన పోయిన్రోజు. మీ సందు మొదటిదాకా ఒచ్చినాను. తాగీసున్నాను. ఆ సేతుల్తో వొదిన పెట్టె ముట్టుకోలేకపోనాను. ఆవిడ మా ఇంటికి..."

"తాగకుండా రావలసింది," అన్నాను.

వాడు తలూపాడు. పున్నమ్మ కూడా అదే అంటుందన్నాడు. ఆ రోజు తర్వాత మానేశానన్నాడు. నేను అడగలేదు. లాంచీ దగ్గరికొచ్చి తాడు విసిరారు. జనం దిగడం మొదలైంది.

"అన్నా, వొదిన సమాధి ఏ వరసలో ఉందో సెప్పు. ఒకపాలి ఎల్తాను."

జీవానందం నోరు తెరిచాడు. నేను వాడి మోచెయ్యి పట్టి నొక్కాను.

"స్మశానం అంత పెద్దదేటి కాదు," అన్నాను. "ఎతుక్కో."

ఇద్దరం లాంచీ ఎక్కాం. కోదండం రేవు మెట్ల మీదే నిలబడి ఉన్నాడు. వాన మళ్ళీ మొదలైంది. సగం గంగ దాటాక జీవానందం గొంతు తగ్గించి అన్నాడు.

"అక్క రాయి మీద పేరు తెలుగులో సెక్కించినాం కదా బావా. అక్కడ తెలుగు రాళ్ళు ఎన్నున్నాయి గనక. ఆడికి సదవడం ఒచ్చు. దొరుకుతాది."

"ఒచ్చే ఆదివారం మీ అక్క కాడికి ఎల్తాం కదా, అప్పుడు తెలుస్తాది," అన్నాను.